దూర పరారుణ ఖగోళశాస్త్రంలో అతివాహక శోధకాలు

ఆకాశం నుంచి వచ్చే వికిరణంలో సుమారు 30 మైక్రోమీటర్ల నుంచి 300 మైక్రోమీటర్ల వరకు తరంగదైర్ఘ్యం గల భాగాన్ని దూర పరారుణం అంటారు. ఈ వికిరణాన్ని అంతరిక్షం నుంచి కొలవడానికి, పరమశూన్యానికి పదో వంతు కెల్విన్ ఎత్తులో పనిచేసేలా, అతివాహక లోహాల పలుచని పొరలతో తయారుచేసే గ్రాహకాలను దూర పరారుణ అతివాహక శోధకాలని వ్యవహరిస్తారు. శోధకం తనలో తాను పుట్టించుకునే రొద, అంటే సంకేతంతో కలిసిపోయే యాదృచ్ఛికమైన ఒడిదుడుకులు, ఆకాశపు కాంతిలో సహజంగానే ఉండే ఒడిదుడుకుల కన్నా తక్కువగా ఉండాలన్నది వీటి రూపకల్పనలోని ప్రధాన లక్ష్యం. ఈ లక్ష్యాన్ని ఏదో ఒక గొప్ప పదార్థం సాధించిపెట్టదు. ఒకచోట అణచిన రొద మరోచోట వేగం కోల్పోవడంగానో, ప్రకాశవంతమైన వస్తువులను చూడలేకపోవడంగానో బయటపడుతుంది కాబట్టి ఈ రంగ చరిత్ర అంతా పరస్పర విరుద్ధమైన అవసరాల మధ్య కుదిరిన రాజీల చరిత్రే.

దూర పరారుణంలో కనిపించేది

నక్షత్రాలు పుట్టే వాయుమేఘాలు ధూళితో నిండి ఉంటాయి. లోపలి నక్షత్రాల కాంతిని ఈ ధూళికణాలు పీల్చుకుని, కొన్ని పదుల కెల్విన్‌ల వరకు వేడెక్కి, ఆ శక్తిని దూర పరారుణంలో తిరిగి వెలువరిస్తాయి. విశ్వచరిత్రలో గెలాక్సీలు వెదజల్లిన మొత్తం శక్తిలో దాదాపు సగం ఈ రూపంలోనే ఉందని, 1990లలో కోబ్ ఉపగ్రహ సమాచారం నుంచి బయటపడ్డ విశ్వ పరారుణ నేపథ్యం వల్ల తేలింది. ధూళితో పాటు వాయువు కూడా ఇక్కడే మాట్లాడుతుంది. అయనీకరణం చెందిన కార్బన్ 158 మైక్రోమీటర్ల దగ్గర, తటస్థ ఆక్సిజన్ 63 మైక్రోమీటర్ల దగ్గర, రెండు ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఆక్సిజన్ 88 మైక్రోమీటర్ల దగ్గర వెలువరించే వర్ణపట రేఖలు ఆ వాయువు ఉష్ణోగ్రతను, సాంద్రతను, అందులో భారమూలకాల పాలును తెలియజేస్తాయి. గ్రహాలు రూపొందే చక్రాలలో ఎంత హైడ్రోజన్ ఉందో అంచనా వేయడానికి డ్యుటీరియం కలిసిన హైడ్రోజన్ అణువు 112 మైక్రోమీటర్ల దగ్గర వెలువరించే రేఖ అరుదైన ఆధారం.

భూవాతావరణంలోని నీటి ఆవిరి ఈ వికిరణాన్ని దాదాపు పూర్తిగా మింగేస్తుంది కాబట్టి బెలూన్లు, విమానాలు, ఉపగ్రహాలే దీనికి గతి. ఈ విషయంలో హైదరాబాద్‌కు తనదైన స్థానం ఉంది. టాటా మౌలిక పరిశోధన సంస్థ ఆ నగరంలో నడిపే బెలూన్ కేంద్రం నుంచి 100 సెంటీమీటర్ల దూర పరారుణ టెలిస్కోపు పలుమార్లు ఎగిరింది. 0.3 కెల్విన్‌కు చల్లబరచిన బోలోమీటర్లతో, అంటే కాంతి తెచ్చే వేడిని కొలిచే శోధకాలతో, అది ధూళిమేఘాలను చిత్రించగా, 1999 నుంచి జపాన్ శాస్త్రవేత్తలు సమకూర్చిన వర్ణపటమాపకంతో 158 మైక్రోమీటర్ల కార్బన్ రేఖ పటాలను కూడా గీసింది. ఆ శోధకాలు అతివాహకాలు కావు, అర్ధవాహకాలు. ఆనాటికి ప్రపంచంలో వాడుకలో ఉన్నవి ప్రధానంగా అవే.

ఉపగ్రహాల వరుస చూస్తే ఒక లోటు స్పష్టంగా కనిపిస్తుంది. 1983లో ఎగిరిన ఐరాస్ దర్పణం 57 సెంటీమీటర్లు, 2003 నాటి స్పిట్జర్ దర్పణం 85 సెంటీమీటర్లు, 2006 నాటి అకారి దర్పణం 70 సెంటీమీటర్ల లోపు. ఇవి మూడూ హీలియంతో కొద్ది కెల్విన్‌లకు చల్లబరచినవే గాని చిన్నవి. 2009 మేలో ప్రయోగించిన హెర్షెల్ దర్పణం 3.5 మీటర్లతో పెద్దదే గాని దాని ఉష్ణోగ్రత సుమారు 85 కెల్విన్‌లు కావడంతో, ఆ దర్పణమే దూర పరారుణంలో వెలుగుతూ, తాను చూడవలసిన గెలాక్సీల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కాంతిని శోధకాల మీద కుమ్మరించేది. పెద్దదీ చల్లనిదీ అయిన టెలిస్కోపు లేనంతకాలం అతి తక్కువ రొద గల శోధకాలతో పని పడలేదు. ఈ రంగంలో శోధకాల అభివృద్ధికి ఊపునిచ్చింది దర్పణాన్ని 5 కెల్విన్‌ల దిగువకు చల్లబరచవచ్చన్న ఆలోచనే.

రొదకు కొలమానం

శోధకాల రొదను పోల్చడానికి రొద తుల్య సామర్థ్యం అనే రాశిని వాడతారు. ఒక హెర్ట్జ్ పట్టీవెడల్పులో, అంటే సుమారు అర సెకను పాటు సాగే కొలతలో, రొదతో సరిసమానమైన సంకేతాన్ని ఇవ్వగల కాంతి సామర్థ్యమే ఇది. దీని ప్రమాణం వాట్/√హెర్ట్జ్. ఈ సంఖ్య ఎంత చిన్నదైతే శోధకం అంత మంచిది.

ఎంత చిన్నది కావాలన్నది ఆకాశమే నిర్ణయిస్తుంది. చల్లని టెలిస్కోపుకు మిగిలే నేపథ్యం ప్రధానంగా సౌరకుటుంబంలోని ధూళి, పాలపుంతలోని ధూళి వెలువరించే వికిరణం. వర్ణపటమాపకం ఈ వికిరణాన్ని సన్నని ముక్కలుగా విడదీశాక ఒక్కో శోధకానికి చేరేది 10⁻¹⁹ వాట్ల స్థాయిలో ఉంటుంది. 100 మైక్రోమీటర్ల ఫోటాన్ ఒక్కోదాని శక్తి సుమారు 2×10⁻²¹ జౌళ్లు కాబట్టి, 10⁻¹⁹ వాట్లంటే సెకనుకు దాదాపు 50 ఫోటాన్లు. అవి క్రమం తప్పకుండా రావు. ఒక సెకనులో 43, మరో సెకనులో 57 అన్నట్లు యాదృచ్ఛికంగా వస్తాయి. ఈ హెచ్చుతగ్గులను రొద తుల్య సామర్థ్యంగా మారిస్తే 2×10⁻²⁰ వాట్/√హెర్ట్జ్ వస్తుంది. హెర్షెల్ కాలపు బోలోమీటర్ల విలువలు 10⁻¹⁷ స్థాయిలో ఉండేవి. కొలతకు పట్టే కాలం రొద వర్గానికి అనులోమంగా పెరుగుతుంది కాబట్టి, శోధకం నూరు రెట్లు రొదగా ఉంటే గంటలో తేలవలసిన కొలతకు పదివేల గంటలు, అంటే ఏడాదికి పైగా పడుతుంది. ఇక మరో కొసకు వెళ్ళి, ఆకాశపు రొదలో సగానికి శోధకపు రొదను దించగలిగితే మొత్తం రొద పెరిగేది 12 శాతమే. అంతకన్నా దిగువకు పోవడానికి పడే శ్రమకు దక్కే ఫలితం స్వల్పం.

అంతరిక్షంలో అతివాహకాలు మొదట దూర పరారుణాన్ని చూసింది వేరే మార్గంలో. హెర్షెల్‌లోని హైఫీ పరికరం, వచ్చే తరంగాన్ని స్థానికంగా పుట్టించిన తరంగంతో అతివాహక మిశ్రమకంలో కలిపి, పౌనఃపున్యాన్ని తగ్గించి, రేఖల రూపాన్ని అతి నిశితంగా చూపింది. ఈ పద్ధతి తరంగం దశను కూడా కొలుస్తుంది గనుక క్వాంటం సిద్ధాంతం విధించే కనీస రొదను తప్పించుకోలేదు, 1.9 టెరాహెర్ట్జ్ దగ్గర ఆ కనీసం దాదాపు 90 కెల్విన్‌ల ఉష్ణోగ్రతకు సమానం. దశను వదులుకుని శక్తిని మాత్రమే కొలిచే ప్రత్యక్ష శోధకాలకు ఆ పరిమితి వర్తించదు. మసక గెలాక్సీల విషయంలో వాటిదే పైచేయి కావడానికి కారణం ఇదే.

అంచు మీద నిలిచే బోలోమీటర్

1911లో లైడెన్‌లో కామర్లింగ్ ఓన్స్ పాదరసంలో గమనించిన అతివాహకతకు 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ సిద్ధాంతం చెప్పారు. సందిగ్ధ ఉష్ణోగ్రతకు దిగువన ఎలక్ట్రాన్లు కూపర్ జంటలుగా కూడి, నిరోధం లేకుండా ప్రవహిస్తాయి. ఒక జంటను విడగొట్టడానికి కావలసిన కనీస శక్తి అల్యూమినియంలో సుమారు 0.36 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్‌లు. 100 మైక్రోమీటర్ల ఫోటాన్ శక్తి 12.4 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్‌లు. శుద్ధ అర్ధవాహకాలలో ఎలక్ట్రాన్‌ను విడిపించడానికే చాలని ఫోటాన్, అతివాహకంలో పదుల సంఖ్యలో జంటలను ఛేదించగలదు. ఈ స్వభావాన్ని వాడుకునే దారులు రెండు: ఫోటాన్ తెచ్చిన వేడిని కొలవడం, విరిగిన జంటలను కొలవడం.

మొదటి దారిలో పుట్టినదే టీఈఎస్ అని పిలిచే పరివర్తన అంచు శోధకం. బోలోమీటర్‌ను అడుగున సన్నని చిల్లు ఉన్న కుండతో పోల్చవచ్చు. పైనుంచి పడే నీరు కాంతి, చిల్లు గుండా కారేది చల్లని ఆధారానికి జారిపోయే వేడి, నీటిమట్టం ఉష్ణోగ్రత. చిల్లు ఎంత సన్ననిదైతే చిన్న ధారకు కూడా మట్టం అంతగా పెరుగుతుంది, కాని కుండ నిండడం, దిగడం అంత నెమ్మదిస్తుంది. అతివాహకం సాధారణ స్థితికి మారే సన్నని ఉష్ణోగ్రతా పరిధిలో నిరోధం నిట్టనిలువుగా ఎక్కుతుంది కాబట్టి అక్కడ నిలిపిన పొర అత్యంత సున్నితమైన ఉష్ణమాపకంగా పనిచేస్తుంది. 1940ల తొలినాళ్ళలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ ఆండ్రూస్ ఈ ఊహను ఆచరించి చూశాడు గాని, అంత సన్నని అంచు మీద పొరను నిలకడగా ఉంచడం చాలాకాలం సాధ్యపడలేదు. 1995లో కెంట్ ఇర్విన్ చూపిన పరిష్కారం ఆశ్చర్యపరిచేంత సరళమైనది. పొరకు స్థిరమైన వోల్టేజి ఇస్తే, కాంతి పడి నిరోధం పెరిగినప్పుడు విద్యుత్తు వల్ల పుట్టే వేడి తగ్గుతుంది, పొర తనంతట తానే మునుపటి ఉష్ణోగ్రతకు చేరుతుంది. స్పందన కూడా వేగవంతమవుతుంది. తగ్గిన విద్యుత్తును స్క్విడ్ అనే అతివాహక అయస్కాంతమాపకం చదువుతుంది.

టీఈఎస్‌లో తప్పించుకోలేని రొద ఫోనాన్‌లది. ఫోనాన్‌లంటే ఘనపదార్థంలో వేడిని మోసే కంపనాలు. అవి చల్లని ఆధారానికి జారేటప్పుడు కూడా యాదృచ్ఛికంగానే జారుతాయి. ఈ రొద తుల్య సామర్థ్యం ఉష్ణోగ్రతకు, ఉష్ణవాహకత వర్గమూలానికి అనులోమంగా ఉంటుంది. లెక్క కట్టి చూస్తే, 0.1 కెల్విన్ దగ్గర 2×10⁻¹⁹ వాట్/√హెర్ట్జ్ కావాలంటే శోధకానికీ ఆధారానికీ మధ్య ఉష్ణవాహకత కెల్విన్‌కు 7×10⁻¹⁴ వాట్లకు మించరాదు. అంత బలహీనమైన బంధం కోసం శోధకాన్ని, మైక్రోమీటరులో కొద్ది భాగం మాత్రమే మందం ఉండి, ఒకటి రెండు మైక్రోమీటర్ల వెడల్పుతో వందల మైక్రోమీటర్ల పొడవు సాగే సిలికాన్ నైట్రైడ్ కాళ్ళ మీద గాలిలో వేలాడదీస్తారు. కోరిన సందిగ్ధ ఉష్ణోగ్రత కోసం టైటానియం మీద బంగారం, మాలిబ్డినం మీద రాగి వంటి జంట పొరలు వాడతారు. అతివాహకానికి సాధారణ లోహం ఆనినప్పుడు దాని సందిగ్ధ ఉష్ణోగ్రత పడిపోతుంది గనుక, పొరల మందాలను మార్చి దానిని కావలసిన చోటికి దించుకోవచ్చు. నెదర్లాండ్స్‌లోని స్రోన్ సంస్థ, అప్పట్లో ప్రతిపాదనలో ఉన్న స్పికా ఉపగ్రహం కోసం ఈ దారిలో చాలా దూరం వెళ్ళింది. మూల్యం కూడా తెలిసిందే. ఇంత సన్నని బంధం ఉన్న శోధకం కొద్ది ఫెమ్టోవాట్లకే నిండిపోతుంది. ప్రకాశవంతమైన గ్రహం వైపు తిప్పితే గుడ్డిదవుతుంది. వేల శోధకాలకు వేల స్క్విడ్‌లు, వాటిని వంతులవారీగానో పౌనఃపున్యాల వారీగానో చదివే చల్లని యంత్రాంగం తోడు కావాలి. అయినా భూతలం మీద ఇది నిగ్గుతేలిన పద్ధతే. హవాయిలోని జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ టెలిస్కోపుకు అమర్చిన స్కూబా-2 కెమెరాలో పదివేలకు పైగా టీఈఎస్‌లు పనిచేశాయి.

విరిగిన జంటల లెక్క

రెండవ దారి 2003లో తెరుచుకుంది. కాలిఫోర్నియాలోని కాల్టెక్, జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలకు చెందిన పీటర్ డే, జోనాస్ జ్ముయిడ్జినాస్ బృందం ఆ ఏడు ప్రతిపాదించిన గతిజ ప్రేరకత్వ శోధకం, క్లుప్తంగా కేఐడీ, వేడిని పట్టించుకోదు. కూపర్ జంటలకు ద్రవ్యరాశి ఉంది కాబట్టి ఏకాంతర విద్యుత్ క్షేత్రం దిశ మార్చినప్పుడల్లా అవి జడత్వంతో వెనుకబడతాయి. ఈ వెనుకబాటు వలయంలో ప్రేరకత్వంగా కనిపిస్తుంది. ఫోటాన్ కొన్ని జంటలను విరిస్తే, మిగిలినవే అంత విద్యుత్తునూ మోయాలి గనుక అవి మరింత వేగంగా కదలాలి, ప్రేరకత్వం పెరగాలి. ఆ లోహపు తీగను ఒక కెపాసిటర్‌తో కలిపి గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం దగ్గర అనునాదం చెందే వలయంగా చేస్తే, ఫోటాన్ పడగానే అనునాద పౌనఃపున్యం కొంచెం కిందికి జరుగుతుంది. ఒక్కో వలయాన్ని ఒక్కో పౌనఃపున్యానికి శ్రుతిచేసి, ఒకే తీగ మీద వరుసగా అమర్చి, వెయ్యి శోధకాలను ఒక్క జత కేబుళ్ళతో చదవవచ్చు. ప్రతి తీగా వెలుపలి వేడిని లోపలికి మోసుకొచ్చే అంతరిక్ష శీతలకంలో ఇది చిన్న లాభం కాదు. టీఈఎస్‌ల మీద కేఐడీలు సాధించిన ఆధిక్యానికి సున్నితత్వం కన్నా ఈ తీగల పొదుపే పెద్ద కారణమని చెప్పవచ్చు.

విరిగిన జంటల నుంచి వచ్చే ఏకాకి ఎలక్ట్రాన్ స్థితులను క్వాసీకణాలు అంటారు. అవి తిరిగి జతకట్టేదాకా సంకేతం నిలుస్తుంది. ఉష్ణశక్తి వల్ల కూడా జంటలు విరుగుతూ, కలుస్తూ ఉంటాయి కాబట్టి ఆ జనన సంయోగాల హెచ్చుతగ్గులే కేఐడీలోని మౌలిక రొద. ఇది క్వాసీకణాల సంఖ్య తగ్గినకొద్దీ, వాటి జీవితకాలం పెరిగినకొద్దీ తగ్గుతుంది. చల్లబరచడం వల్ల కలిగే ఫలితం ఇక్కడ అసాధారణంగా ఉంటుంది. సిద్ధాంతం ప్రకారం అల్యూమినియంలో 0.2 కెల్విన్ దగ్గర ఘన మైక్రోమీటరుకు నూటికి పైగా ఉండే క్వాసీకణాలు, 0.1 కెల్విన్‌కు చేరేసరికి కొన్ని వందల ఘన మైక్రోమీటర్లకు ఒకటి అన్నంతగా పలచబడాలి. ప్రయోగంలో మాత్రం అలా జరగదు. పీటర్ డి విసర్, యోఖెం బాసెల్‌మన్స్ తదితరులు నెదర్లాండ్స్‌లో 2011లో చేసిన కొలతలో సాంద్రత కొన్ని పదుల దగ్గరే ఆగిపోయింది, జీవితకాలం 2 మిల్లీసెకన్ల చుట్టూ నిలిచింది. వలయాన్ని చదవడానికి పంపే మైక్రోవేవ్ సంకేతమే కొన్ని జంటలను విరుస్తున్నదని ఆ తరువాతి పరిశీలనల్లో తేలింది. అంటే చదవడమే రొదకు కారణం. సంకేతాన్ని తగ్గిస్తే ఈ బాధ తప్పుతుంది, కాని అప్పుడు 4 కెల్విన్‌ల దగ్గర ఉండే వర్ధకం రొద పైకి వస్తుంది.

ఇంకో శత్రువు కెపాసిటర్‌లో ఉంటుంది. లోహం ఉపరితలం మీదా, దాని కింది విద్యుద్రోధకంలోనూ క్రమం లేని పరమాణువులు రెండు స్థానాల మధ్య అటూ ఇటూ గెంతుతూ, అనునాద పౌనఃపున్యాన్ని వణికిస్తాయి. వీటిని ద్విస్థాయి వ్యవస్థలంటారు. కెపాసిటర్‌లోని వేళ్ళలాంటి లోహపు పట్టీల మధ్య ఎడాన్ని పెంచి విద్యుత్ క్షేత్రాన్ని పలచబరచడం, స్ఫటిక సిలికాన్ మీదనే లోహాన్ని పరచడం, ఉపరితలాన్ని శుభ్రం చేయడం దీనికి విరుగుడు. వేళ్ళ ఎడం పెంచితే పిక్సెల్ పెద్దదవుతుంది, ఒక పలక మీద పట్టే పిక్సెళ్ళు తగ్గుతాయి. కాంతిని పీల్చే అల్యూమినియం భాగాన్ని మాత్రం వీలైనంత చిన్నదిగా చేయాలి, ఎందుకంటే అవే విరిగిన జంటలు చిన్న ఘనపరిమాణంలో ఎక్కువ మార్పు చూపుతాయి. అందుకే వలయంలో ఎక్కువ భాగాన్ని సందిగ్ధ ఉష్ణోగ్రత అధికంగా గల నియోబియం టైటానియం నైట్రైడ్‌తో చేసి, కొసన మాత్రం సన్నని అల్యూమినియం తీగ పెట్టే సంకర నిర్మాణం వాడుకలోకి వచ్చింది. ఆ అల్యూమినియం భాగాన్ని అతి పలుచని త్వచం మీద నిలిపితే, క్వాసీకణాలు కలిసినప్పుడు వెలువడే ఫోనాన్‌లు పలకలోకి జారిపోకుండా చిక్కుకుని మళ్ళీ జంటలను విరుస్తాయి. ఇటువంటి నిర్మాణంతోనే 2022లో బాసెల్‌మన్స్ బృందం 1.5 టెరాహెర్ట్జ్ దగ్గర సుమారు 3×10⁻²⁰ వాట్/√హెర్ట్జ్ విలువను ప్రకటించింది. ఆకాశపు రొదతో సరితూగే సంఖ్య ఇది.

తయారీలో తలెత్తే చికాకు ఒకటుంది. పొర మందంలో స్వల్ప తేడాల వల్ల అనునాదాలు అనుకున్న చోట పడవు. రెండు పిక్సెళ్ళు ఒకే పౌనఃపున్యం మీదికి వస్తే రెండూ పనికిరావు. ప్రతి పిక్సెల్ అనునాదం ఎక్కడ పడిందో కొలిచి గుర్తించి, పలకను మళ్ళీ తయారీ గదికి తీసుకెళ్ళి, కెపాసిటర్ వేళ్ళను కొద్దిగా కత్తిరించి సరిచేసే పద్ధతి ఇప్పుడు నడుస్తోంది.

ఫోటాన్‌లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం

సెకనుకు 50 ఫోటాన్లే వస్తున్నప్పుడు సామర్థ్యం కొలవడం కన్నా వాటిని విడివిడిగా లెక్కపెట్టడమే సహజమైన మార్గం. 2018లో జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీకి చెందిన పియర్ ఎక్టర్నాక్ బృందం క్వాంటం కెపాసిటెన్స్ శోధకంతో 1.5 టెరాహెర్ట్జ్ ఫోటాన్‌లను ఒక్కొక్కటిగా పట్టింది. ఒక అతిచిన్న అతివాహక ద్వీపంలోకి ఒక్క క్వాసీకణం దూరినా కెపాసిటెన్స్ మారడం దాని సూత్రం. 2024లో పీటర్ డే బృందం 25 మైక్రోమీటర్ల దగ్గర ఒక్కో ఫోటాన్‌ను గుర్తించే కేఐడీని చూపింది. తరంగదైర్ఘ్యం పెరిగినకొద్దీ ఫోటాన్ శక్తి తగ్గుతుంది కాబట్టి, 200 మైక్రోమీటర్ల దగ్గర ఈ లెక్కింపు 25 మైక్రోమీటర్ల కన్నా ఎంతో కష్టం.

పెట్టె, శీతలకం, విశ్వకిరణాలు

10⁻²⁰ స్థాయి శోధకానికి చుట్టూ ఉన్న పరికరమే ప్రధాన శత్రువు. 4 కెల్విన్‌ల గోడ కూడా దానికి దీపమే. మూత అతుకులో ఒక సన్నని పగులు చాలు, చూడవలసిన గెలాక్సీ కన్నా ఎక్కువ వికిరణం లోపలికి రావడానికి. అందుకే పెట్టెలో పెట్టె పెట్టి, లోపలి గోడలకు కార్బన్, సిలికాన్ కార్బైడ్ కలిపిన నల్లని పూత పూసి, దారిలో వడపోత పొరలు వరుసగా అమరుస్తారు. ప్రయోగశాలలో తొలి కొలతలు చాలామటుకు శోధకాన్ని గాక ఈ చొరబాటు కాంతినే కొలుస్తాయి.

0.1 కెల్విన్‌ను కక్ష్యలో నిలబెట్టడానికి రెండు పద్ధతులున్నాయి. ప్లాంక్ ఉపగ్రహం హీలియం-3ను హీలియం-4లో కరిగించే విలీన శీతలకాన్ని వాడింది. ఆ వాయువులు అంతరిక్షంలోకి పోతుంటాయి గనుక వాటితో పాటే పరికరం ఆయుష్షూ తీరిపోతుంది. అయస్కాంత క్షేత్రాన్ని తగ్గించినప్పుడు కొన్ని లవణాలు చల్లబడే గుణం మీద ఆధారపడ్డ రెండవ పద్ధతిలో ఖర్చయ్యే పదార్థమేదీ లేదు, కాని ఆ అయస్కాంత క్షేత్రం అతివాహక శోధకాల దరికి చేరకుండా గట్టి కవచాలు కావాలి.

విశ్వకిరణాల ముప్పును కళ్ళకు కట్టింది ప్లాంకే. కణాలు శోధకాల సిలికాన్ ఆధారాలను తాకి పుట్టించిన పెద్ద తుళ్ళింతల వల్ల దాని సమాచారంలో పది శాతానికి పైగా పక్కన పెట్టవలసి వచ్చింది. వందల కేఐడీలు ఒకే పలక మీద ఉన్నప్పుడు ఒక్క కణం పుట్టించిన ఫోనాన్‌లు పలకంతా పాకి, అన్నింటినీ ఒకేసారి కదిలిస్తాయి. పలక వెనుక, అల్యూమినియం కన్నా తక్కువ సందిగ్ధ ఉష్ణోగ్రత గల లోహపు పొర వేస్తే అది ఫోనాన్‌ల శక్తిని పీల్చి, జంటలను విరచలేని స్థాయికి దించుతుంది.

యాత్రలు, ప్రణాళికలు

2.5 మీటర్ల దర్పణాన్ని 8 కెల్విన్‌ల దిగువకు చల్లబరచి, టీఈఎస్‌లతో వర్ణపటాలు తీయాలన్న జపాన్, ఐరోపా సంయుక్త ప్రణాళిక స్పికా 2020 అక్టోబరులో రద్దయింది. 5.9 మీటర్ల ఆరిజిన్స్ టెలిస్కోపు కాగితాల మీదనే నిలిచింది. కేఐడీలు మాత్రం బెలూన్ల మీద పైకి వెళ్ళాయి. 2018లో ఇటలీ బృందం నడిపిన ఒలింపో స్వాల్బార్డ్ నుంచి ఎగిరి వాటిని అంతరిక్షపు అంచుల్లో పరీక్షించగా, 2020 జనవరిలో అంటార్కిటికా నుంచి ఎగిరిన బ్లాస్ట్-టీఎన్‌జీ యాంత్రిక వైఫల్యం వల్ల ఒక రోజు కూడా నిలవలేదు. 2024 అక్టోబరులో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా, ఒక కొత్త మధ్యస్థ యాత్ర కోసం రెండు ప్రతిపాదనలను పోటీకి ఎంపిక చేసింది. వాటిలో ప్రైమా దూర పరారుణానిది, యాక్సిస్ ఎక్స్‌రేలది. ప్రైమా నమూనాలో 1.8 మీటర్ల దర్పణం 4.5 కెల్విన్‌ల వద్ద ఉంటుంది, 24 నుంచి 235 మైక్రోమీటర్ల వరకు చూసే రెండు పరికరాలలోనూ కేఐడీలే ఉంటాయి. రెండింటిలో ఒకదానిని 2026లో ఎంచుకుని, 2032లో ప్రయోగించాలని నాసా కాలపట్టిక నిర్ణయించింది.